పెదనాన్న గుడ్డలో ఎరుపు చిరివేరుదా, డబ్బా పొడిదా? తేల్చడానికి ఏది మేలు

పెడనలో మా పెదనాన్న ట్రంకు పెట్టె అడుగున, కలరా ఉండల వాసన మధ్య, ఒక పాత కలంకారీ గుడ్డ ఉంది. మడత విప్పితే నల్ల గీత ఉన్నచోటల్లా చిరుగులే. పువ్వు చుట్టూ గీత రాలిపోయి, పువ్వు ఒక్కటే అటూ ఇటూ నాలుగు పోగులతో వేలాడుతుంటుంది. ఆకులు నీలంగా ఉంటాయి. పువ్వులు మాత్రం నిన్న అద్దినంత ఎర్రగా ఉన్నాయి.

"ఇది చిరివేరు ఎరుపే అమ్మాయ్, మా తాత చేతిది. డబ్బా రంగు కాదు" అని పెదనాన్న ప్రతి సంక్రాంతికీ అంటారు. మా బావ వదలడు. "మామయ్యా, ఫ్యాక్టరీ అలిజరిన్ పొడి మన ఊళ్ళోకి మీ తాత కంటే ముందే వచ్చి ఉంటుంది" అంటాడు. పండగ పూట ఇద్దరికీ మాట పెరిగేది ఇక్కడే. పోయిన సంక్రాంతికి పెదనాన్న నావైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివి కదే, తేల్చు. కానీ గుడ్డకి చిల్లు పడకూడదు" అన్నారు.

తేల్చే దారులు రెండు రకాలు. గుడ్డను ముట్టకుండా వెలుతురుతోనో ఎక్స్‌రేతోనో చూడటం ఒకటి, చిటికెడు పోగు తీసి ల్యాబ్‌కి ఇవ్వడం ఇంకొకటి. ముట్టకపోవడమే మేలని ఎవరైనా అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఒక మ్యూజియంలో పాత బట్టల సంరక్షణ చూసే స్నేహితురాలితో నాలుగు వారాలు మాట్లాడాక నా అభిప్రాయం సగం మారింది.

ముందు ఈ తగాదా ఎందుకంత చిక్కో చెప్పాలి. చిరివేరు అంటే సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. శాస్త్రీయ నామం ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా. దాని ఎరుపంతా ముఖ్యంగా అలిజరిన్ అనే పదార్థానిదే. ఆ అలిజరిన్‌నే జర్మనీలో గ్రేబె, లీబెర్‌మన్ 1868లో ల్యాబ్‌లో తయారు చేశారు, తర్వాత అది ఫ్యాక్టరీ సరుకైంది. ఇవాళ మా ఊళ్ళో రాగి డేగిసాల్లో ఉడికే ఎరుపు చాలావరకు అదే. అంటే పెదనాన్నా బావా పోట్లాడుకుంటున్నది రంగు గురించి కాదు, దాని పుట్టుక గురించి. పదార్థం ఒక్కటే అయినప్పుడు పుట్టుకను కనిపెట్టడం ఏ పరికరానికైనా కష్టమే.

మొదట నాకు దొరికింది టార్చి. 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి ఆన్‌లైన్‌లో చవకగానే వస్తుంది. రాత్రి కిటికీలు మూసి గుడ్డ మీద వేశాం. కొన్ని రంగులు ఈ కాంతిలో తమంతట తాము మెరుస్తాయి. పసుపు కొమ్ము రంగైతే ఆకుపచ్చ ఛాయతో భగ్గుమంటుంది. యూరప్ వాళ్ళు ఎరుపుకు వాడిన మంజిష్ఠ వేరులో పర్ప్యూరిన్ అనే తోడు పదార్థం ఉంటుంది కాబట్టి నారింజ మెరుపునిస్తుంది. చిరివేరులో ఆ పర్ప్యూరిన్ ఉండదు, అందుకే మెరవకుండా మసకగా ఉండిపోతుంది. మా పువ్వులూ మసకగానే ఉన్నాయి. పెదనాన్న "చూశావా!" అన్నారు. బావ నవ్వి, "డబ్బా అలిజరిన్ కూడా అంత మసకగానే ఉంటుందిగా మామయ్యా" అన్నాడు. నిజమే. టార్చి మంజిష్ఠను కొంతవరకు పక్కకు తప్పించింది. అసలు తగాదా ఉన్నచోటే ఉంది.

అయినా టార్చి ఒక ఘోరం తప్పించింది. అంచున వేలాడుతున్న ఎర్ర పోగు ఒకటి ముందే చూసి పెట్టుకున్నాను, ల్యాబ్‌కి పంపడానికి బాగుంటుందని. టార్చి వెలుగులో ఆ పోగు తెల్లగా, నీలంగా ధగధగలాడింది. నా చుడీదార్ కూడా సరిగ్గా అలాగే మెరుస్తోంది. ఆ మెరుపు సబ్బు పొడుల్లోనూ మిల్లు నూలులోనూ కలిపే తెలుపు మందుది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే అవి విరివిగా వాడుకలోకి వచ్చాయి. అంటే మా నాయనమ్మ ఎప్పుడో చిరుగు కుట్టిన దారం పోగు అన్నమాట. దాన్నే పంపి ఉంటే డబ్బులు పోసి కుట్టుదారం రంగు తెలుసుకునేవాళ్ళం. పెదనాన్న మాట వంద శాతం తప్పని బావ ఊరంతా చాటేవాడు. ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు టార్చి వేయాలని చెప్పేది ఇందుకే. కాకపోతే ఈ కాంతి రంగుకు మంచిది కాదు. ఒక్కోచోట కొన్ని క్షణాలు చాలు, ఫోటో తీసి ఆర్పేయాలి.

రెండోది ఫోర్స్ (FORS) అనే వెలుతురు పరీక్ష. ఫైబర్ ఆప్టిక్ తీగ చివర నుంచి మామూలు తెల్లని వెలుతురు గుడ్డ మీద పడుతుంది, తిరిగొచ్చిన వెలుతురులో ఏ రంగు ఎంత మింగుడుపడిందో గ్రాఫు గీతగా వస్తుంది. సెకన్ల పని. గుడ్డకు చేసే కీడు కిటికీ దగ్గర కాసేపు పెట్టడం కంటే ఎక్కువేం కాదు. ఎరుపుల విషయంలో ఇది భలే పని చేస్తుంది. రంగు పట్టడానికి పటిక వేసి అద్దిన మంజిష్ఠ జాతి వేరు రంగులకు గీతలో రెండు చిన్న మెట్లు 510, 540 నానోమీటర్ల దగ్గర కనిపిస్తాయి. లక్క, కొచినీల్ వంటి పురుగు రంగులకైతే అవి కాస్త పక్కకు జరిగి 525, 565 దగ్గర ఉంటాయి. కాబట్టి "ఇది వేరు ఎరుపా, పురుగు ఎరుపా" అనే ప్రశ్నకు ఫోర్స్‌ను మించింది లేదు. పట్టుబట్టల మీద లక్క ఎరుపులు, ఇరాన్ తివాచీల ఎరుపులు చూసేవాళ్ళకి ఇది వరం.

మా ప్రశ్న అది కాదు. చిరివేరుకూ డబ్బా అలిజరిన్‌కూ గీత దాదాపు ఒక్కటే. పైగా ఇంకో చిక్కు. తీగ ఒకసారి చూసే చోటు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, మా గుడ్డలో కలంతో లాగిన గీత మిల్లీమీటరు కూడా ఉండదు. పక్కనున్న నలుపూ కింద ఉన్న తెల్ల నూలూ కలిసి వస్తాయి. పెద్ద పువ్వు మధ్యలో పెడితేనే నమ్మకం. ఇంకొకటి, సరిపోల్చడానికి ఇంట్లో అద్దిన నమూనాలు కావాలి. చిరివేరుతో ఒకటి, మంజిష్ఠతో ఒకటి, పొడితో ఒకటి, అన్నీ కరక్కాయ పాలలో తడిపి పటిక రాసిన నూలు మీదే. ఆ నమూనాలు లేకుండా ఫోర్స్ రిపోర్టు చూపించి "ఇది ఫలానా మొక్కే" అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి.

నీలం దగ్గర మాత్రం ఫోర్స్‌కు తిరుగులేదు. నీలిమందు 660 ప్రాంతంలో గట్టిగా మింగి, 700 దాటగానే గీత గోడలా పైకి లేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో నీలి దాదాపు మాయమవుతుంది, అందుకే ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలో నీలి ఆకులు తెల్లబోతాయి. ఇక అంతకు మించి మామూలు పరీక్షలతో చెప్పడం కష్టం, చివరికి పోగు తీసినవాళ్ళకు కూడా. నీలి చెట్టు ఆకు నుంచి వచ్చినా, అంకుడు చెట్టు ఆకు నుంచి వచ్చినా నీలిమందు ఒక్కటే. అంకుడు అంటే మన ఏటికొప్పాక బొమ్మల కర్ర. దాని ఆకుల్లోనూ నీలి ఉందని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసిన విలియం రాక్స్‌బర్గ్ పనిగట్టుకుని ప్రచారం చేశాడు. 1897 నుంచి జర్మనీ ఫ్యాక్టరీ నీలి బజారుకొచ్చాక దాని పదార్థమూ అదే. కాబట్టి నీలం చోట పోగు తీయడం దండగ. ఏ మ్యూజియం వాళ్ళయినా నీలానికి నమూనా అడిగితే "దాంతో ఏం తెలుసుకుంటారు?" అని అడగవచ్చు.

నా చిన్నప్పటి నీలి ఆకుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆకులు నీలంగా వేశారేంటని నవ్వుకునేవాళ్ళం. నీలం మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చ చేసేవారు, ఆ పసుపు వెలుతురుకు ఎగిరిపోయి నీలం మిగిలింది. పాత కోరమాండల్ అద్దకాలు ఏ మ్యూజియంలో చూసినా ఆకులకి ఇదే గతి. ఎగిరిపోయిన పసుపు ఏ కాయదో ఏ పువ్వుదో వెలుతురు పద్ధతులు చెప్పలేవు, ఉన్నదే కొసరు కదా.

నలుపుకు ఎక్స్‌ఆర్‌ఎఫ్. చేతిలో పట్టే తుపాకీలాంటి యంత్రం ఎక్స్‌రే వేసి లోహాలను లెక్కపెడుతుంది. రంగును చూడదు, రంగును పట్టి ఉంచిన లోహాన్ని చూస్తుంది. మన కసిం (ఇనుము నానబెట్టిన నీళ్ళ) నలుపు ఇనుముది కాబట్టి టక్కున దొరుకుతుంది. ఊదా పువ్వుల రహస్యం కూడా ఇది చెప్తుంది. రంగు అదే చిరివేరు, కింద రాసింది మాత్రం ఇనుమూ పటికా కలిపిన నీళ్ళు. పటికలోని అల్యూమినియం మాత్రం దీనికి సరిగా అందదు, దాని సంకేతం గాలిలోనే కరిగిపోతుంది. గుడ్డ పల్చన కాబట్టి ఎక్స్‌రే దాన్ని దాటి కింద బల్లను కూడా లెక్కపెడుతుంది. ఇనుప బల్ల మీద పరిచి చేస్తే గుడ్డంతా ఇనుమే అని వస్తుంది! మా ప్రశ్నకు ఇది పనికి రాదు. కానీ నల్ల గీతలే ముందు ఎందుకు రాలాయో అర్థమైంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసిన నలుపు ఏళ్ళ తరబడి నూలును లోపలి నుంచే తినేస్తుంది.

లేజర్‌తో చేసే రామన్ అనే పరీక్ష గురించి కూడా అడిగాను. నీలానికి అద్భుతం, ముట్టకుండానే పేరు చెప్తుంది. ఎరుపుల దగ్గర మాత్రం రంగు మెరుపే సంకేతాన్ని ముంచేస్తుంది. దాన్ని దాటడానికి వెండి నానో రేణువులు కలిపే సెర్స్ అనే పద్ధతి వచ్చింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో మార్కో లియోనా దాంతోనే ఈజిప్టు తోలు అమ్ములపొది ముక్క మీద దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి మంజిష్ఠ జాతి ఎరుపును గుర్తించాడు. ఆ పని 2009లో అచ్చయింది. కావలసింది కంటికి ఆననంత రేణువు. చదివి ఉబ్బిపోయాను. తర్వాత తెలిసింది, అదీ ముఖ్యంగా ప్రధాన రంగునే గట్టిగా చూస్తుందని. అలిజరిన్ అని చెప్తుంది సరే, మేమూ అంతవరకు ఒప్పుకున్నవాళ్ళమే. మాకు కావలసింది అలిజరిన్ పక్కన కూర్చున్న చిన్నాచితకా పదార్థాల జాతకం.

అక్కడికి చేర్చేది హెచ్‌పీఎల్‌సీ. పోగులోంచి రంగును ద్రావకంలోకి దించి, సన్నని గొట్టంలోంచి నెట్టితే ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటికి వస్తుంది, అవి ఎంతెంతో లెక్క తేలుతుంది. పాత బట్టల రంగులకు దీన్ని బాగా అలవాటు చేసింది బ్రస్సెల్స్‌లో యాన్ వౌటర్స్, 1985 నాటి పనితో. అప్పట్లో పోగును హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో మరిగించేవారు, దాంతో మొక్కలో రంగుకు అంటుకుని వచ్చిన చక్కెర జతలు విరిగిపోయేవి. 2005లో షియాన్ జాంగ్, రిచర్డ్ లార్సెన్ ఫార్మిక్ ఆసిడ్‌తో మెత్తగా తీసే పద్ధతి చూపించాక ఆ జతలు బతికి బయటపడుతున్నాయి. నమూనా కూడా తగ్గింది, ఇప్పుడు రెండు మూడు మిల్లీమీటర్ల పోగు చాలు, బియ్యపు గింజలో సగం పొడవు.

మా తగాదాకు ఇదొక్కటే సరైన కత్తి. పాతకాలపు ఫ్యాక్టరీ అలిజరిన్‌లో ఆంత్రాపర్ప్యూరిన్, ఫ్లేవోపర్ప్యూరిన్ అనే రెండు పదార్థాలు తయారీలో పుట్టి ఉండిపోయేవి. అవి ఏ వేరులోనూ ఉండవు. అవి పోగులో కనిపిస్తే బావ గెలిచాడు. చిరివేరులో అలిజరిన్‌తో పాటు ఆంత్రగాలోల్ జాతి తోడు పదార్థాలు ఉంటాయని 1890లలోనే పెర్కిన్, హమ్మెల్ వేరును విడగొట్టి చూశారు. వాటి జాడ దొరికితే పెదనాన్న గెలిచారు. రెండూ కనపడకపోతే? అదీ జరగొచ్చు. ఉడుకులూ ఉతుకులూ పేడనీళ్ళూ ఎండలూ చూసిన గుడ్డ కదా, తోడు పదార్థాలు కొట్టుకుపోయి ఉండొచ్చు. ఆ మాట పెదనాన్నకు ముందే చెప్పాను. "రెండూ లేకపోతే నాదే గెలుపు" అన్నారు ఆయన.

ఈ పరీక్ష ఏ గుడ్డకైనా పనికొస్తుందా అంటే, దక్షిణాది గుడ్డలకే ఎక్కువ. మనవాళ్ళు చిరివేరు మీద ఎంత ఆధారపడ్డారంటే, నిజాంపట్నాన్ని పెటపోలి అని పిలిచే రోజుల్లో అక్కడి వేరుకే ఎక్కువ గిరాకీ అని 17వ శతాబ్దపు ఐరోపా వర్తకులు రాసుకున్నారు. గవ్వలూ సున్నమూ కలిసిన ఇసుక వల్ల ఎరుపు బాగా తేలేది. ఎరుపు పట్టాలంటే పటికతో పాటు సున్నపు అంశమూ కావాలి మరి. పాండిచ్చేరి దగ్గర బొల్యూ అనే ఫ్రెంచి నౌకా అధికారి 1734 ప్రాంతంలో ఒక్కో దశకు ఒక్కో ముక్క జత చేసి పని మొత్తం రాసి పెట్టాడు, అది ఇప్పటికీ పారిస్‌లో ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన పాద్రీ కూర్డూ 1742లో ఈ అద్దకం గురించి ఉత్తరం రాశాడు. ఏ రంగు ఎలా వేశారో తెలిసిన గుడ్డలు ఇలా ఉండటం పరీక్షించేవాళ్ళకు కొండంత అండ. బొల్యూ ముక్కల పక్కన పెట్టి చూడటం మాకు కుదరదనుకోండి, అది వేరే సంగతి.

ఇక "ముట్టకుండా" అనే మాట. నన్ను మార్చింది ఇదే. ఫోర్స్ యంత్రం మా ఇంటికి రాదు. గుడ్డే దాని దగ్గరికి వెళ్ళాలి. అంటే మడత విప్పాలి, చుట్టాలి, బస్సో రైలో ఎక్కించాలి, అక్కడ బల్ల మీద పరచాలి, చిన్న తీగను యాభై చోట్ల పెట్టాలి, మళ్ళీ చుట్టి తేవాలి. నల్ల గీతలు ఎలా ఉన్నాయో చెప్పాను కదా. సంక్రాంతికి ఒక్కసారి విప్పినందుకే రెండు ముక్కలు రాలి పెట్టె అడుగున పడ్డాయి. వెలుతురు గుడ్డను ముట్టదు గానీ, వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళే ప్రయాణం ముడుతుంది. రెండు మిల్లీమీటర్ల పోగు మాత్రం కవర్లో వెళ్ళి కవర్లో ఆగిపోతుంది. స్నేహితురాలు నవ్వి, "ఇంట్లో ఉన్న గుడ్డలకే ఈ లెక్క. మ్యూజియంలో యంత్రం పక్క గదిలో ఉంటే నేనైతే ఫోర్స్‌తోనే మొదలుపెడతాను" అంది. ఒప్పుకుంటాను.

కాబట్టి ఏది మేలంటే, ఎరుపు పురుగుదా వేరుదా అనేది ప్రశ్న అయితే వెలుతురు చాలు, పోగు తీస్తే తప్పు. నీలమైతే రెండూ ఒకటే చెప్తాయి, ముట్టకండి. నలుపుకు ఎక్స్‌ఆర్‌ఎఫ్, అదీ ఇనుము కోసమే. వేరా, ఫ్యాక్టరీయా అన్న ప్రశ్నకు మాత్రం వెలుతురుతో వంద సార్లు చూసినా ఒక్క పోగుకు సాటి రాదు. నిమ్మకాయ రసం, సోడా చుక్క వేసి రంగు మారుతుందేమో చూసే పద్ధతి ఒకటుంది. అది వీటిలో దేని పక్కనా నిలబడదు. మా మేనత్త ఇలాగే ఒక అంచు మీద చుక్క వేయించింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పోగు తీసే చోటు కోసం భూతద్దంతో ఒక సాయంత్రమంతా వెతికాం. కోయాల్సిన పని పడలేదు. పెట్టె అడుగున రాలిన రెండు ముక్కల్లో ఒకదానికి నల్ల గీత అంచున ఎర్ర రేకు కొస అంటుకుని ఉంది. టార్చి వేస్తే మెరవలేదు, అంటే నాయనమ్మ దారం కాదు. పట్టకారుతో నలుపు తగలకుండా ఒక్క పోగు లాగాను. పెదనాన్న ఊపిరి బిగపట్టి చూస్తూ కూర్చున్నారు. అది చిన్న గాజు సీసాలో పడ్డాక మూత మీద "ఎడమ అంచు, మూడో పువ్వు, రాలినది" అని పెన్సిల్‌తో రాశాను. మిగిలిన ముక్కను ఆయన కాగితంలో చుట్టి, "ఇది మీ బావకి చూపించకు" అంటూ జేబులో పెట్టుకున్నారు.